అరవై ఓములు

రెండు దాటి మూడులో పడేటప్పుడు
వెనక నుంచి ఎవరో తన్నినట్టుంటుందట.
ఎడమ మోకాలికి ఆపరేషనయ్యాక
క్లచ్చు తొక్కే పనిలేని బండి కావాలని
వైజయంతి మేడమ్ కొనుక్కున్నదిది.
మొన్న సిల్క్ బోర్డు దగ్గర ఆ తన్నుకి
ముందున్న పాలవ్యానుకి ముక్కు తగిలింది.

కలాసిపాళ్యం మా సందులో గేర్‌బాక్సంటే నయాజ్ భాయే.
బానెట్ మీదికి వంగి చెవి పెట్టి విన్నాడు,
నూనె వేళ్ల మధ్య నులిమి వాసన చూశాడు,
"దించాల్సిందే" అన్నాడు. ఎనభై వేలు.
ఆ అంకె మింగుడుపడక మేడమ్
గోడకి ఇవతలున్న నా షట్టరు కేసి చూశారు.

ఆయనది ఇనుము, నాది రాగి.
పదహారేళ్లుగా ఒకే గోడ, ఒకే టీ ఖాతా.
పని దగ్గర మాత్రం ఎవరి బండి వాళ్లది.

హిందూపురం షెడ్డులో ప్లాటినం పాయింట్లని
ఎమరీ కాయితంతో గీకిన చెయ్యి నాది.
ఈ పెట్టెల భాష నడివయసులో పట్టుబడింది,
మేనల్లుడి ముందు కూర్చుని,
సిగ్గుపడుతూ.

మెట్ల మలుపులో బీరువా దించేవాళ్లని చూశారా మేడమ్?
కిందివాడు "ఆగన్నా" అంటాడు.
పైవాడు ఒక్క ఊపిరి బిగబడతాడు.
ఇక్కడా అంతే.
గేర్ల పెట్టె నూనె ఒత్తిడితో
ఒక పళ్లేల దొంతర వదిలి ఇంకో దొంతర పట్టే ముందు
ఇంజను పెట్టెకి కబురంపుతుంది, జోరు తగ్గించమని.
ఇంజను పెట్టె నిప్పురవ్వని
ఒక రవ్వ ఆలస్యంగా వెలిగిస్తుంది.
రెప్పపాటంత కూడా కాదు.
ఆ సందులోంచి మూడు దూరిపోతుంది.
మీకు తెలియదు. తెలియకపోవడమే వాటి పనితనం.
"ఆగన్నా" అందకపోయిందా,
బీరువా అద్దం గోవిందా.

కబురు నడిచేది జడలా పెనవేసిన రెండు తీగల మీద.
చివరికొక నూట ఇరవై కాపలా ఉంటే
మధ్యలో మీటరు అరవై చూపించాలి.
బ్యాటరీ ఊడదీసి ముళ్లు ఆనించాను.
అరవయ్యే చూపించింది.
నా మొహం వాడింది. గోడ అవతల పానాల చప్పుడు.
ఊరికే, కోపంగా, తీగల కట్ట పట్టుకుని ఊపాను.
నూట ఇరవై.
అరవై.
నూట ఇరవై.
ఒక చివర మనిషి ఉండీ లేనట్టున్నాడు.

బ్యాటరీ కింద ప్లగ్గు విప్పితే
పిన్ను మీద పచ్చటి చిలుము.
"అండర్‌పాస్ నీళ్లలో దిగారా?"
"ఆగస్టులో. తిరగడానికి దారి లేదండీ."

కొత్త పిన్ను నలభై రూపాయలు.
పిన్నుతో అయిపోతే బాగుండేది.
ఇన్నాళ్ల తన్నులూ గేర్ల పెట్టె మనసులో పెట్టుకుంది;
అవతలి నుంచి జవాబు రాదని
తన పట్టు తనే బిగించుకుంది.
ఆ పాత లెక్కంతా స్కానరుతో చెరిపేసి
తెల్లారుజామున ఐదింటికి లాల్‌బాగ్ చుట్టూ తిప్పాం,
మళ్లీ మొదట్నించీ నేర్చుకోనీ అని.

వెనక సీట్లో నయాజ్ భాయ్. పిలవకుండానే ఎక్కాడు.
కళ్లు మూసుకుని వేళ్లు మడుస్తున్నాడు,
ఒకటి, రెండు...
ఆ వేలు అక్కడే ఉండిపోయింది.
"మూడెప్పుడు పడింది?"
"మినర్వా సర్కిల్ దగ్గరే భాయ్."
ఆయన మొహంలో ఉన్నది ఎనభై వేలు పోయిన బాధ కాదు.
ఏమో, అదీ కొంచెం ఉందేమో.

దించుదామనే ముందు నన్నో మాట అడగొచ్చు కదా.
నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు.

శనివారం ఆయన షట్టరు ముందు ఓ తెల్లబండి ఆగింది.
"ఓ వైర్లాయనా, ఒక్క నిమిషం" అని కేకేశాడట.
నేనేమో డాష్‌బోర్డు కింద తలకిందులుగా ఉన్నా.
మూడో కేకకి గానీ అందలేదు.